పాచా, నాచా, ఉత్త రాయా?
కడప–కర్నూలు శిలల్లోని ఆదిమ సముద్ర జీవాల గుర్తింపు: ఒక సమీక్ష

శ్రీశైలం దగ్గర కృష్ణ కోసిన లోయలో అరల్లో పేర్చినట్టు కనిపించే బండలన్నీ ఒకనాటి ఇసుక. నీరు పరిచిన ఆ ఇసుక గట్టిపడి క్వార్ట్‌జైట్ అయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దానికి శ్రీశైలం పేరే పెట్టారు. అక్కడి నుంచి దక్షిణంగా నంద్యాల, తాడిపత్రి, వేంపల్లె దాకా వెళితే ఇసుకరాయి స్థానంలో సున్నపురాయి, డోలొమైట్, పలకరాయి వస్తాయి. నేడు గుక్కెడు నీటికి కటకటలాడే రాయలసీమ ఒకప్పుడు సముద్రపు అడుగు అనడానికి ఈ రాళ్లే సాక్ష్యం.

ఆ సముద్రంలో బతికిందేమిటి? వేంపల్లె డోలొమైట్‌లో ఉల్లిపొరల్లాంటి గుబ్బలు కనిపిస్తాయి. అవుకు పలకరాయిని ఆమ్లంలో కరిగిస్తే సూక్ష్మమైన పోగులు, గుండ్రని సంచులు బయటపడతాయి. వీటిని ‘ఆల్గే’ అన్నవారున్నారు, బాక్టీరియా అన్నవారున్నారు, కొన్నింటిని ఉత్త రసాయనిక నిర్మాణాలన్నవారూ ఉన్నారు. తెలుగులో ఈ తేడా చెప్పడానికి చక్కటి మాటలున్నాయి. కోనేటి మెట్ల మీద జారే జిగట పొర పాచి. నీటిలో కాడలు, ఆకులు, పోగులుగా పెరిగేది నాచు. కడప–కర్నూలు శిలాజాలపై ఎనభై ఏళ్లుగా సాగుతున్న చర్చ సారం కూడా అదే: చేతిలో ఉన్నది పాచా, నాచా, ఉత్త రాయా? దానికి ఏ హక్కుతో పేరు పెట్టాలి?

పేర్లు ఎన్నోసార్లు మారాయి కనుక ఈ చర్చను ఒకచోట చేర్చి చూడటం అవసరం. ఎక్కడ ఏకాభిప్రాయం ఉంది, ఎక్కడ లేదు, చిక్కు పడింది ఎక్కడ అన్నది ఈ సమీక్ష విషయం.

ఎక్కడి రాళ్లు, ఏనాటి సముద్రం

కడప బేసిన్ సుమారు 44,500 చదరపు కిలోమీటర్ల మేర నెలవంక ఆకారంలో పరుచుకుంది. రాళ్లలో రెండు పెద్ద వరుసలున్నాయి. కిందిది, పాతది కడప మహాసముదాయం. దానిలో అడుగున పాపఘ్ని వర్గం, అందులో గుల్చెరు క్వార్ట్‌జైట్, దానిపై వేంపల్లె డోలొమైట్. ఆ పైన పులివెందుల, తాడిపత్రి, గండికోట పేర్లతో చిత్రావతి వర్గం. తూర్పున నల్లమల వర్గం, ఉత్తరాన శ్రీశైలం క్వార్ట్‌జైట్.

పై వరుస కర్నూలు వర్గం. బనగానపల్లె క్వార్ట్‌జైట్, నార్జి సున్నపురాయి, అవుకు పలకరాయి, పాణ్యం క్వార్ట్‌జైట్, కోయిలకుంట్ల సున్నపురాయి, నంద్యాల పలకరాయి దీని మెట్లు. ఇళ్లలో పరిచే బేతంచెర్ల బండలు, కడప నాపరాళ్లు నార్జి సున్నపురాయి నుంచి వచ్చినవే. బెలుం గుహలు తొలిచింది కూడా ఆ రాతిలోనే.

రెండు వరుసల మధ్య కాలం అపారం. తాడిపత్రి రాళ్లలోకి చొచ్చుకొచ్చిన పులివెందుల అగ్నిశిల వయసు సుమారు 188.5 కోట్ల ఏళ్లు అని 2008లో తేలింది. చొచ్చుకొచ్చినదాని కన్నా చొరబడనిచ్చినది పాతది కావాలి. దాని కింద ఉన్న వేంపల్లె గుబ్బలు ఇంకా పాతవి. కర్నూలు వర్గం మాత్రం ఆ తర్వాత ఎన్నో పదుల కోట్ల ఏళ్లకు ఏర్పడింది. అందుచేత ‘కడప శిలాజాలు’ అని అన్నింటినీ ఒకే గాటన కట్టకూడదు. వేంపల్లె ప్రశ్న వేరు, అవుకు ప్రశ్న వేరు.

‘పురాణ’ శిలల నుంచి ‘కొలీనియా’ దాకా

ఈ రాళ్లపై తొలి సమగ్ర గ్రంథం భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ 1872లో వెలువరించినది. పొరల వరుసను, విస్తృతిని ఆయన నిలబెట్టాడు. ఆ తర్వాత థామస్ హాలండ్ కడప, వింధ్య శిలల వంటి పాత అవక్షేపాలన్నింటికీ ‘పురాణ’ అని పేరుపెట్టాడు. గవ్వలు, ఎముకలు దొరకని రాళ్లు కనుక వాటిలో జీవం జాడ లేదన్న భావన చాలాకాలం నిలిచింది.

అదే కాలంలో బయటి ప్రపంచంలో చూపు మారుతోంది. 1883లో జేమ్స్ హాల్ న్యూయార్క్ రాష్ట్రంలోని గుబ్బరాళ్లకు ‘క్రిప్టోజోవాన్’ అని జీవి పేరు పెట్టాడు. 1908లో ఎర్నెస్ట్ కల్కోవ్‌స్కీ జర్మనీ రాళ్లను చూసి ‘స్ట్రోమటోలిత్’ అన్నాడు. పొరరాయి అని ఆ మాటకు అర్థం. 1914లో చార్లెస్ వాల్కాట్ అమెరికా రాళ్ల నుంచి ‘కొలీనియా’ అనే ప్రజాతిని ప్రకటించాడు.

ఈ పదజాలమే కడపకు దిగుమతి అయింది. 1940ల తొలి సగంలో ఎం.ఆర్. శ్రీనివాసరావు కడప సున్నపురాళ్లలో ‘ఆల్గల్’ నిర్మాణాలను నివేదించారు. 1960ల ఆరంభంలో ఆర్. వైద్యనాథన్ దిగువ కడప సున్నపురాళ్లలోని స్ట్రోమటోలైట్లను వివరించారు. 1978లో అమెరికాకు చెందిన జె. విలియం షాఫ్, కె.ఎన్. ప్రసాద్ కలిసి వేంపల్లె గుబ్బల్లో సూక్ష్మ శిలాజాలను ప్రకటించారు. ఆ వ్యాసం శీర్షికలోనే వారు వాటిని ‘కొలీనియా’ అనలేదు, ‘కొలీనియా వంటి’ స్ట్రోమటోలైట్లు అన్నారు. ‘వంటి’ అన్న ఆ ఒక్క మాటలో పేరు పెట్టడంపై అప్పటికే పెరిగిన సందేహం కనిపిస్తుంది.

పేరు పెట్టే మూడు మార్గాలు

మొదటి మార్గం లిన్నేయస్‌ది. మొక్కకు, జంతువుకు ఇచ్చినట్టే గుబ్బరాయికీ ప్రజాతి, జాతి అనే జంట పేరు ఇవ్వాలంటుంది. దీనిని పరాకాష్ఠకు తీసుకెళ్లింది సోవియట్ పరిశోధకులు. స్తంభాల కొమ్మలు ఎలా చీలాయి, అంచులు నునుపా గరుకా, పొర ఎంత వంగింది అని కొలిచి ‘కోనోఫైటన్’, ‘బైకాలియా’, ‘కుస్సియెల్లా’ వంటి పేర్లతో 1960ల్లో కాలపట్టికలు అల్లారు. ఫలానా రూపం ఫలానా యుగానిదే అయితే గుబ్బను చూసి రాతి వయసు చెప్పవచ్చన్నది వారి ఆశ. వయసు కొలిచే ఖనిజాలు సులభంగా దొరకని బేసిన్లకు ఇది వరంలా తోచింది. భారతీయ పరిశోధకులు చాలామంది ఈ బాట పట్టారు.

రెండో మార్గం ఆకారాన్ని ఆకారంగానే చెప్పాలంటుంది. బ్రియన్ లోగన్, రిచర్డ్ రెజాక్, రాబర్ట్ గిన్స్‌బర్గ్ 1964లో దీనికి అక్షరాల సూత్రం ఇచ్చారు. పక్కపక్కన కలిసిన గుబ్బలు, ఒకదానిపై ఒకటి పేరుకున్న గుబ్బలు, దొర్లుతూ పెరిగిన ఉండలు అనే విభజన అది. దీని వెనక సజీవ సాక్ష్యం ఉంది. మారిస్ బ్లాక్ 1933లో బహామాస్ తీరపు పాచి పొరలను వర్ణించాడు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలోని షార్క్ బేలో నేటికీ పెరుగుతున్న గుబ్బలు బయటపడ్డాయి. అలల తాకిడి, నీటిలోతు, ఇసుక రాక మారితే అదే పాచి వేరు ఆకారం కడుతుందని అక్కడ కళ్లారా కనిపించింది. ఇంటి ఆకారం చూసి కట్టినవాడి కులగోత్రాలు చెప్పలేం కదా అన్నది ఈ పక్షం వాదం.

మూడో మార్గం సూక్ష్మదర్శినిది. గుబ్బను వదిలి, గుబ్బలో చిక్కిన కణాన్ని చూడాలంటుంది. డోలొమైట్ స్ఫటికాలు ఎదిగేటప్పుడు కణాల ఆకారం చెరిగిపోతుంది. కానీ సున్నపు పొరల మధ్య నల్లని చెకుముకి రాయి ఉంటే కథ మారుతుంది. కణం కుళ్లకముందే సిలికా దాన్ని చుట్టేసి అచ్చులా కాపాడుతుంది. ఆ రాయిని మిల్లీమీటరులో ముప్పై మూడో వంతు మందానికి అరగదీసి వెలుగు పంపితే పోగులు, గోళాలు కనిపిస్తాయి. పలకరాయి అయితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించి మిగిలిన సేంద్రియ పొరలను ఏరుకోవాలి. షాఫ్, ప్రసాద్ పని ఈ మార్గంలోదే. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పరిశోధకులు కూడా వేంపల్లె చిన్న స్తంభాల సూక్ష్మ నిర్మాణాన్ని 1990ల్లో శోధించారు.

మూడింటినీ పక్కపక్కన పెడితే:

— జంట పేరు: అడిగేది ‘ఇది ఏ జాతి?’ అని. బలం, దూరదూర బేసిన్లను పోల్చే ఉమ్మడి పదకోశం. బలహీనత, అనేక జీవులు కలిసి కట్టినదానికి ఒకే జీవి పేరు ఇవ్వడం.

— ఆకార సూత్రం: అడిగేది ‘ఇది ఎలాంటి నీటిలో పెరిగింది?’ అని. బలం, పరిశీలించిన దానికి మించి చెప్పకపోవడం. బలహీనత, జీవి ఎవరన్న ప్రశ్నను పక్కన పెట్టడం.

— కణ పరీక్ష: అడిగేది ‘కట్టింది ఎవరు?’ అని. బలం, జీవి దేహమే సాక్ష్యం. బలహీనత, దేహం మిగిలిన చోట్లు అరుదు. పైగా తర్వాతి కాలంలో పగుళ్లలోకి దూరిన బూజు, నాచు పాతవాటిలా భ్రమింపజేస్తాయి.

నాలుగో గొంతు 1996లో వినిపించింది. జాన్ గ్రోట్జింగర్, డేనియల్ రాత్‌మన్ గణిత నమూనాతో ఒక విషయం చూపారు: అవక్షేపం రాలడం, ఖనిజం పేరుకోవడం వంటి భౌతిక చర్యలతోనే స్ట్రోమటోలైట్ లాంటి పొరలు ఏర్పడగలవు. అంటే ఆకారం ఒక్కటే జీవానికి రుజువు కాదు. వేంపల్లె గుబ్బలన్నీ ఉత్త రాళ్లని దీని అర్థం కాదు. జీవం అని చెప్పే భారం చెప్పేవారి మీదే ఉందని అర్థం.

‘ఆల్గే’ అన్న మాట జారిపోయిన తీరు

చిక్కులో సగం పదాలు తెచ్చింది. 1940ల్లో ‘ఆల్గల్ నిర్మాణాలు’ అన్నప్పుడు పరిశోధకుల మనసులో ఉన్నది నీలి ఆకుపచ్చ నాచు. 1970ల్లో వాటి కణంలో కేంద్రకం లేదన్న ఆధారంతో వాటిని బాక్టీరియాలో చేర్చాలన్న వాదం బలపడింది. సయనోబాక్టీరియా అన్న పేరు స్థిరపడింది. దాంతో పాత వ్యాసాల్లోని ‘ఆల్గే’ మాట నేటి పాఠకుడిని తప్పుదారి పట్టిస్తుంది. వేంపల్లె గుబ్బలు సముద్రపు నాచు కావు. పాచి కట్టిన కట్టడాలు. ఈ విషయంలో నేడు పెద్ద వివాదం లేదు.

అసలైన సముద్రపు నాచు అనిపించుకోవడానికి పరీక్ష కఠినమైనది. నికొలస్ బటర్‌ఫీల్డ్ 2000లో కెనడా ఆర్కిటిక్ రాళ్ల నుంచి వర్ణించిన ‘బాంజియోమార్ఫా’ను చూస్తే అది ఎంత కఠినమో తెలుస్తుంది. అడుగున రాతిని పట్టుకునే పట్టు, వరుసగా పేర్చిన కణాలు, వాటిలో నేటి ఎర్రనాచు ‘బాంజియా’ను పోలిన నిలువు విభజన అందులో ఉన్నాయి. అందుకే దాన్ని ఎర్రనాచుగా విస్తృతంగా ఒప్పుకున్నారు. అయినా వయసు మాత్రం తర్వాత సుమారు 120 కోట్ల ఏళ్ల నుంచి 105 కోట్లకు తగ్గింది. చైనాలో 2020లో వర్ణించిన వంద కోట్ల ఏళ్ల ఆకుపచ్చ నాచు ‘ప్రోటెరోక్లాడస్’ కూడా కొమ్మలు, కణాల వరుస చూపించే నిలబడింది. కడప శిలాజాల్లో పేరున్నవి ఎక్కువగా ఈ పరీక్షకు వచ్చే రకం కావు.

అవుకు పలకరాయి: పేరు మీద వేలాడే వయసు

2012లో ముకుంద్ శర్మ, యోగమాయ శుక్లా అవుకు పలకరాయి నుంచి ‘ఒబ్రుచెవెల్లా’ అనే సూక్ష్మ శిలాజాన్ని నివేదించారు. స్ప్రింగులా చుట్టుకున్న పోగు అది. నేటి స్పిరులినాతో దాన్ని పోల్చుతారు. ఈ ప్రజాతి వేరే దేశాల్లో ఎడియాకరన్, కేంబ్రియన్ కాలపు రాళ్లలో విరివిగా దొరుకుతుంది. ఎడియాకరన్ అంటే 63.5 కోట్ల ఏళ్ల నుంచి సుమారు 53.9 కోట్ల ఏళ్ల దాకా సాగిన కాలం. కాబట్టి కర్నూలు వర్గం ఆ కాలానికి దగ్గరిదన్న వాదానికి బలం వచ్చింది.

వ్యతిరేక దిశలో మరో ఆధారం ఉంది. ఛత్తీస్‌గఢ్ బేసిన్‌లోని అగ్నిపర్వత బూడిద పొరలు సుమారు వంద కోట్ల ఏళ్లనాటివని 2007లో తేలడంతో, ‘పురాణ’ బేసిన్లన్నీ అనుకున్నదాని కన్నా పాతవేమో అన్న అనుమానం బయల్దేరింది. కర్నూలు వర్గానికి మాత్రం రెండు హద్దులున్నాయి. బనగానపల్లె గులకరాతిలో వజ్రాలున్నాయి. అవి వజ్రకరూరు ప్రాంతపు కింబర్లైట్ల నుంచి కొట్టుకొచ్చినవైతే, సుమారు 110 కోట్ల ఏళ్ల ఆ కింబర్లైట్ల కన్నా గులకరాయి కొత్తది కావాలి. 2015లో అలన్ కాలిన్స్ బృందం కర్నూలు ఇసుకలోని జిర్కాన్ రేణువులను కొలిచి, వాటిలో సుమారు 91 కోట్ల ఏళ్లవి ఉన్నాయని చూపింది. రేణువు కన్నా రాయి పాతది కాలేదు. అయితే రేణువు చెప్పేది పై హద్దు మాత్రమే. రాయి ఇంకెంత కొత్తదో అది చెప్పదు.

ఇక్కడ గుర్తింపు మీద పడే బరువు చూడాలి. చుట్టుకున్న పోగును ‘ఒబ్రుచెవెల్లా’ అంటే పదుల కోట్ల ఏళ్ల లెక్క మారుతుంది. కానీ స్ప్రింగు ఆకారం సయనోబాక్టీరియాలో సరళమైన రూపం. అంతకన్నా పాత రాళ్లలోనూ ఇలాంటివి నివేదించారు. కనుక ఆ పేరు వయసుకు సూచన అవుతుంది గానీ తీర్పు కాదు. రాతి వయసును బట్టి శిలాజానికి పేరు, పేరును బట్టి రాతికి వయసు అనుకుంటూ పోతే చర్చ గుండ్రంగా తిరుగుతుంది. ఈ వలయం నుంచి బయటపడాలంటే రెంటినీ వేర్వేరుగా నిరూపించాలి.

వింధ్య శిలలు నేర్పిన పాఠం

మధ్యప్రదేశ్ వింధ్య శిలల్లో దొరికిన చిన్న నల్లని బిళ్లలు ఇందుకు ఉదాహరణ. 1930ల్లో ఫ్రెడరిక్ చాప్‌మన్ వాటిని ఆదిమ గవ్వజీవులుగా వర్ణించాడు. 1936లో ఎం.ఆర్. సాహ్ని వాటి వర్గీకరణను సవరించారు. ఇప్పుడు వాటిని వాల్కాట్ 1899లో గ్రాండ్ కాన్యన్ నుంచి వర్ణించిన ‘చువారియా’తో కలిపి చూస్తున్నారు. గవ్వ అనుకున్నది అణిగిపోయిన సేంద్రియ గోళం అయింది.

రెండోది ఇంకా ఆలోచింపజేసేది. 1998లో రఫత్ అజ్మీ వింధ్య రాళ్లలో కేంబ్రియన్ కాలపు జీవాల వంటివి దొరికాయన్నారు. తర్వాతి కొలతలు ఆ రాళ్లను 160 కోట్ల ఏళ్లవిగా తేల్చాయి. ఆ వాదన కూలినట్టే అనిపించింది. కానీ స్టెఫాన్ బెంగ్ట్‌సన్ బృందం చిత్రకూట్ ప్రాంతపు వింధ్య రాళ్లను ఎక్స్‌రే సూక్ష్మ చిత్రణతో మళ్లీ శోధించి, శిలాజాలు నిజమైనవేనని చూపింది. 2017లో వాటిని ఎర్రనాచు కావచ్చంటూ వర్ణించి, ఒకదానికి ఆయన పేరు మీదే ‘రఫతాజ్మియా చిత్రకూటెన్సిస్’ అని పెట్టింది. వయసు తప్పింది, జాతి తప్పింది, నమూనా మాత్రం తప్పలేదు. రాయి మిగిలి ఉంది కాబట్టే సత్యం బయటపడింది.

నేటి నాచుకే ఇంత చిక్కు

ఇది శిలాజాల బలహీనత మాత్రమే అనుకోవడం పొరపాటు. విశాఖ తీరపు రాళ్ల మీద పెరిగే సముద్రపు నాచులను ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు సేకరించి 1970లో జాబితాగా ప్రచురించారు. తెలుగు తీరపు నాచుల అధ్యయనానికి అది పునాది. నాచును ఉప్పునీటి పళ్లెంలో తేలనిచ్చి, కాగితం మీద కొమ్మలు విప్పి, పలుచని గుడ్డ కప్పి అదిమి ఆరబెట్టే పద్ధతి అలాంటి పనికి ఆధారం.

అలా పేరు తెచ్చుకున్న నాచుల్లో ‘ఉల్వా ఫాసియాటా’ ఒకటి. పచ్చని రిబ్బనులాంటి పలుచని ఆకు. గొట్టంలా ఉండేవాటిని ‘ఎంటెరోమార్ఫా’ అని వేరు ప్రజాతిగా చూసేవారు. 2003లో డీఎన్‌ఏ పరీక్షలు ఆ రెండూ ఒకటేనని తేల్చాయి. 2019లో లిన్నేయస్ కాలపు ‘ఉల్వా లాక్టుకా’ మూల నమూనా నుంచి డీఎన్‌ఏ తీస్తే, అది ఇన్నాళ్లూ అనుకున్న చల్లని నీటి నాచు కాదు, ఉష్ణమండలపు ‘ఫాసియాటా’యే అని తెలిసింది. మొక్క మారలేదు, తీరం మారలేదు. కాగితం మీద ఎండిన పాత ముక్క పేరును తిరగరాసింది. జాతి పేరును ఒక మూల నమూనాకు కట్టివేసే నియమం ఎందుకో ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేం. ఇంత పాత శిలాజానికి డీఎన్‌ఏ ఉండదు. కనుక అక్కడ మూల నమూనా, అది దొరికిన చోటు, పొర వివరాలు ఇంకా విలువైనవి.

తేలినవి, తేలనివి

తేలినవి మూడు. వేంపల్లె గుబ్బల్లో ఎక్కువ భాగం సూక్ష్మజీవుల సాయంతో పెరిగినవి. వాటికిచ్చిన జంట పేర్లు జీవి పేర్లు కావు, ఆకారాల పేర్లు. ఆ పేర్లతో మాత్రమే రాళ్ల వయసు నిర్ణయించలేం.

తేలనివీ మూడే. మొదటిది, వేంపల్లె గుబ్బల్లో ఒక్కో పొరకు జీవం వాటా ఎంత, ఖనిజం పేరుకోవడం వాటా ఎంత. తుమ్మలపల్లెలో యురేనియం ఉన్నది స్ట్రోమటోలైట్లున్న ఈ ఫాస్ఫేట్ డోలొమైట్‌లోనే కనుక, ఖనిజం చేరడంలో పాచి పాత్ర ఎంతన్నది కూడా ఇందులో భాగం. రెండోది, కర్నూలు వర్గం కింది హద్దు: 91 కోట్ల ఏళ్ల తర్వాత ఎప్పుడు? మూడోది, అవుకు సూక్ష్మ శిలాజాల్లో కేంద్రకం ఉన్న నిజమైన నాచు కణాలు ఎన్ని, బాక్టీరియా తొడుగులు ఎన్ని. గోళాకారపు సంచి ఒక్కటే చూసి ఆ తేడా చెప్పడం కష్టం. గోడ మందం, పొరల నిర్మాణం, ముళ్లు, తెరుచుకునే మూత వంటి లక్షణాలు కలిసి రావాలి.

శ్రీశైలం క్వార్ట్‌జైట్ విషయంలో ప్రశ్న ఇంకా ముందు దశలో ఉంది. సున్నపురాయి లేని ఇసుకరాతిలో గుబ్బలు ఆశించలేం. కానీ ఇసుక తీరాల మీద కూడా పాచి తెరలు ముడతలు, చిరుగులు వదులుతాయని నోరా నోఫ్‌కే వంటివారు ఇతర దేశాల్లో చూపారు. అలల గుర్తులున్న బండలను ఆ కళ్లతో చదవాల్సి ఉంది.

నిలిచేది రాయే

‘కొలీనియా’ ‘కొలీనియా వంటిది’ అయింది. ‘ఆల్గే’ బాక్టీరియా అయింది. గవ్వ గోళమైంది. విశాఖ ఉల్వా పేరే మారిపోయింది. దీన్ని శాస్త్రపు తడబాటు అనుకోనక్కర్లేదు. ప్రతి దిద్దుబాటు ఎవరో భద్రపరిచిన ఒక ముక్క దగ్గరికి తిరిగి వెళ్లడం వల్లే సాధ్యమైంది. పేరు ఒక ప్రతిపాదన, నమూనా దానికి సాక్షి. సాక్షి ఉన్నంతకాలం తీర్పును తిరగతోడవచ్చు.

రాయలసీమలో ఆ సాక్షులకే ముప్పుంది. నార్జి సున్నపురాయి సిమెంటు ఫ్యాక్టరీలకు ముడిసరుకు, నాపరాళ్ల గనులకు బతుకుదెరువు. ఆ బతుకుదెరువును ఆపమనడం న్యాయం కాదు. కానీ గని ముఖం ముందుకు జరిగే ప్రతిసారీ ఒక పొర శాశ్వతంగా పోతుంది. మేలైన స్ట్రోమటోలైట్ బండలున్న కొన్ని చోట్లను ఎంచి కాపాడాలి. గనుల్లో బయటపడే చెకుముకి పొరల నుంచి, పలకరాతి నుంచి ముక్కలు తీసి, దొరికిన ఊరు, పొర, ఎత్తు రాసి మన విశ్వవిద్యాలయాల్లో, మ్యూజియాల్లో భద్రపరచాలి. చోటు రాయని అందమైన గుబ్బ కన్నా చోటు రాసిన విరిగిన ముక్క శాస్త్రానికి ఎక్కువ ఉపయోగం.

పాచా, నాచా, ఉత్త రాయా అన్న ప్రశ్నకు వేంపల్లె ఇప్పటికి పాచి అని జవాబిచ్చింది. అవుకు సగం జవాబిచ్చింది. శ్రీశైలం బండలను ఇంకా ఎవరూ సరిగా అడగలేదు. అడిగేవారు వచ్చేనాటికి ఆ బండలు ఉండేలా చూడటం మన పూచీ.